అడుగులకు అరిసెలు ఎప్పుడు?

ప్రశ్న: మాది చెన్నైలోని పెరంబూరు. మా తాతల కాలంలోనే నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. మా బాబుకు ఇప్పుడు 14 నెలలు. పుట్టిన వారానికే డౌన్ సిండ్రోమ్ అన్నారు, పరీక్షలో ట్రైసోమీ 21, అంటే 21వ క్రోమోజోము ఒకటి ఎక్కువగా ఉందని వచ్చింది. గుండెలో రంధ్రం ఉంటే 6వ నెలలో ఆపరేషన్ చేశారు, ఇప్పుడు గుండె బాగుంది. 12వ నెలలో కూర్చున్నాడు. కానీ వీపు గూనిలా వంగిపోతుంది, కాళ్లు రెండూ పక్కలకు బారగా చాపేస్తాడు. బోర్లా పడుకోబెడితే ఏడుస్తాడు. దోగాడడం లేదు, కూర్చునే పిర్రల మీద జరుగుతాడు. మరమరాలు వేళ్లతో ఏరలేడు. వారానికి 2 సార్లు ఫిజియోథెరపీకి తీసుకెళితే 45 నిమిషాలూ ఏడుపే. మావారిది అంబత్తూరులో షిఫ్టు ఉద్యోగం కాబట్టి అన్నీ నేనే చూసుకుంటాను. అత్తగారు వాకరు కొందామంటున్నారు. ఒకామె రోజూ వచ్చి నూనె రాసి, కాళ్లూ చేతులూ లాగి నీళ్లు పోస్తుంది. స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు వేయిస్తే కండరాలు గట్టిపడతాయని తెలిసినవారు చెప్పారు. థెరపిస్టు తమిళంలో మాట్లాడతారు, ఇంట్లో కూడా ఆ ఒక్క భాషే మాట్లాడమన్నారు. మా ఆడపడుచు కొడుకు వీడికన్నా 20 రోజులు చిన్న. పోయిన నెల వాడికి అడుగులకు అరిసెలు పంచారు. ఆ అరిసె నా గొంతు దిగలేదు. నా బాబు ఎప్పుడు నడుస్తాడు? నేను ఏం తక్కువ చేస్తున్నాను?

— ఒక తల్లి, పెరంబూరు

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీరు ఏమీ తక్కువ చేయడం లేదు. ఆరు నెలల పసివాణ్ని ఆపరేషన్ థియేటరులోకి పంపి, బయట కూర్చుని, మళ్లీ ఇంటికి తెచ్చుకుని, ఆరు నెలలు తిరగకుండానే వాణ్ని కూర్చోబెట్టారు. పిల్లలకు ఫిజియోథెరపీ చేయడమే నా పని. మీ ఉత్తరం చదివినప్పుడు నాకు కనబడింది ఆలస్యం కాదు, ఆ ఆరు నెలల్లో మీ ఇంట్లో జరిగిన శ్రమ.

ఇక రెండో ప్రశ్న, ఎప్పుడు నడుస్తాడని. డౌన్ సిండ్రోమ్ ఉన్న 121 మంది పిల్లలను గమనించి కెనడాలోని ఒంటారియోలో పరిశోధకులు 2001లో ఒక అంచనా ప్రచురించారు. 2 ఏళ్లు నిండేసరికి నడిచే అవకాశం దాదాపు 40 శాతం. 3 ఏళ్లు నిండేసరికి 92 శాతం. ఏడాదిన్నరకు దోగాడేవారు మూడింట ఒక వంతు మాత్రమే. అంటే 14 నెలల వయసులో మీ బాబు ఉన్నచోట ఉండడం డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల దారిలో మామూలు సంగతి. గుండె ఆపరేషన్ అయిన పిల్లలకు ఇంకొంచెం సమయం పట్టడమూ మామూలే. ఆడపడుచు కొడుకు దారి వేరు. రెండు దారుల మైలురాళ్లను పక్కపక్కన పెట్టి చూసుకుంటే మిగిలేది దుఃఖమే.

మన పెద్దలు బోర్లా పడితే బొబ్బట్లు అన్నారు, గడప దాటితే గారెలు అన్నారు, అడుగులకు అరిసెలు అన్నారు. ఏ నెలలో అన్నది మాత్రం ఎక్కడా చెప్పలేదు. పిల్లవాడు ఆ పని చేసిన రోజే పండగ. అంత మంచి సంప్రదాయానికి నెలల లెక్క తగిలించి, తల్లుల గొంతులో అరిసె అడ్డుపడేలా చేసింది మనమే.

అయితే నెలల గురించి బెంగ వద్దన్నానని చేతులు ముడుచుకుని కూర్చోమనడం లేదు. నన్ను ఆలోచనలో పడేసినవి మీరు మధ్యలో మామూలుగా రాసేసిన మూడు మాటలు: కాళ్లు బారగా చాపడం, వీపు గూనిలా వంగడం, పిర్రల మీద జరగడం. వీడు నడవక మానడు. ఎలా నిలబడి, ఎలా అడుగు వేస్తాడన్నది మాత్రం ఇప్పుడు, ఈ నెలల్లో, మీ ఇంటి నేల మీద తేలుతుంది.

ఎందుకో చెబుతాను. మన శరీరంలో కండరాలు కదలకుండా ఉన్నప్పుడు కూడా కొంత బిగువుతో ఉంటాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఆ బిగువు తక్కువ. ఎముకను ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్లు కూడా వదులుగా ఉంటాయి. అందుకే తుంటి కీలు మిగతా పిల్లలకన్నా చాలా విశాలంగా తెరుచుకుంటుంది. పైగా మొండెంతో పోలిస్తే కాళ్లూ చేతులూ పొట్టిగా ఉంటాయి, కూర్చుని పక్కన చేయి ఆనించుకుందామంటే నేల అందదు. ఇన్ని ఇబ్బందుల మధ్య పడిపోకుండా కూర్చోవాలంటే ఏం చేయాలి? కాళ్లు వెడల్పుగా చాపి, వీపు వంచి, ఒక ముద్దలా స్థిరంగా కూర్చోవాలి. మీ బాబు అదే చేశాడు. అది తెలివైన పనే. కాకపోతే ఆ కూర్చునే తీరులో నడుము తిప్పే పని లేదు, ఒక పక్క నుంచి మరో పక్కకు బరువు మార్చే పని లేదు, చేతుల మీద భారం వేసే పని అసలే లేదు. పిర్రల మీద జరిగితే కోరుకున్న బొమ్మ అందుతుంది కాబట్టి ఇంకో దారి వెతుక్కోవలసిన అవసరం వాడికి రాదు. ఇలాగే సాగితే రేపు నిలబడేటప్పుడు కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు బిగించి, పాదాలు బయటికి తిప్పి నిలబడతాడు. చిన్నప్పుడు అది ముద్దుగానే కనిపిస్తుంది. పెద్దయ్యాక అదే మోకాళ్ల నొప్పి, పాదాల నొప్పి అవుతుంది, నాలుగు అడుగులు వేస్తే అలసట వస్తుంది. వృత్తిలో చేరిన కొత్తలో నేను కూడా పిల్లలను తొందరపెట్టి నిలబెట్టేదాన్ని. వాళ్లలో కొందరిని పదేళ్ల తర్వాత చూసినప్పుడు నాకు ఈ సంగతి బాగా బోధపడింది.

ఒక తేడా గట్టిగా గుర్తుపెట్టుకోండి. బిగువు వేరు, బలం వేరు. బిగువును నూనె రాసి, మందు వేసి, వ్యాయామం చేయించి మార్చలేం. బలాన్ని మాత్రం పెంచగలం. అది పెరగాలంటే కండరం తనంతట తాను పనిచేయాలి. మనం వాడి కాలు పట్టుకుని ఆడిస్తే బలం పెరిగేది మన చేతికే.

ఇంట్లో ఏం చేయాలో చెబుతాను. ఇవన్నీ మీ థెరపిస్టుకు కూడా చూపించి మొదలుపెట్టండి, వాణ్ని చేత్తో తాకి చూసింది వారే.

బోర్లా పడుకోబెడితే ఏడుస్తాడన్నారు కదా. గుండె ఆపరేషన్ అయిన పిల్లల్లో ఇది చాలా ఎక్కువ. మిగతా పిల్లలు బోర్లా పడి మెడ ఎత్తే రోజుల్లో వీడు ఛాతీ మీద కుట్లతో వెల్లకిలా ఉన్నాడు. నేల మీద బోర్లా పడుకోవడమంటే వాడికి అలవాటు లేని చోటు, బహుశా భయం పుట్టించే చోటు. కాబట్టి నేల వద్దు, ముందు మీ ఒళ్లు చాలు. గోడకు ఆనుకుని కాళ్లు చాపి కూర్చోండి. వాణ్ని మీ తొడ మీద అడ్డంగా బోర్లా వేయండి, పొట్ట మీ తొడ మీద, అరచేతులు ఒక పక్క నేల మీద, మోకాళ్లు మరో పక్క నేల మీద ఉండేలా. పొట్ట బరువు మీ తొడ మోస్తుంది, చేతులూ మోకాళ్లూ తమ వంతు మాత్రం మోస్తాయి. దోగాడే భంగిమ ఇదే, మీ తొడ సాయంతో. ఎదురుగా వాడికి ఇష్టమైనది పెట్టండి. రంగు బొమ్మకన్నా చప్పుడు చేసే స్టీలు గిన్నె, గరిటె ఎక్కువ పనికొస్తాయని నా అనుభవం. మొదట అర నిమిషం ఉంటే గొప్ప. ఏడుపు మొదలయ్యేలోగా ఎత్తుకోండి, మొదలయ్యాక కాదు. కొన్ని వారాలకు తొడ బదులు చుట్టిన దుప్పటి, ఆ తర్వాత మడిచిన తువ్వాలు. ఆధారం ఎత్తు తగ్గుతూ పోతుంటే వాడి చేతుల బలం పెరుగుతూ వస్తుంది.

రెండోది, నిద్ర లేచినప్పుడు వాణ్ని ఎలా లేపుతున్నారో గమనించుకోండి. చాలామంది రెండు చేతులూ పట్టుకుని తిన్నగా లాగి కూర్చోబెడతారు. అది మానేయండి. పక్కకు ఒత్తిగిలేలా చేసి, పైన ఉన్న తుంటి మీద మీ అరచేయి వేసి, పాదాల వైపు మెల్లగా నొక్కి పట్టండి. ఇక ఏమీ చేయవద్దు. ఆగండి. మోచేతి మీదికి, మోచేతి నుంచి అరచేతి మీదికి వాడే లేవాలి.

ఈ ‘ఆగండి’ అన్న మాటే అన్నిటికన్నా కష్టమైనది. చూళైమేడులో ఒక ఇంటికి వెళ్లేదాన్ని. పాపకు ఏడాదిన్నర. తల్లి చాలా శ్రద్ధ గలది. పాప ఒత్తిగిలగానే మూడు లెక్కపెట్టేలోపు తల్లి చేయి పాప వీపు కిందికి వెళ్లిపోయేది. ఆవిడకు తెలియకుండానే వెళ్లేది. ఒకరోజు పక్కనే ఉన్న అమ్మమ్మను పిలిచి, కూతురి రెండు చేతులూ పట్టుకుని కూర్చోమన్నాను. పాప పక్కకు పడుకుని ఉంది. నేను పైకే లెక్కపెడుతున్నాను. నాలుగు, అయిదు. పాప కళ్లు తల్లి వైపు తిరిగాయి. ఏడు. పెదవి విరిచింది. తల్లి కళ్లలో నీళ్లు. తొమ్మిది, పది. పదకొండు దగ్గర పాప మోచేయి చాపను నొక్కింది. భుజం వణికింది. నెత్తి పైకి లేచింది. ఎవరూ తాకలేదు. ఆ గదిలో ఉన్న ముగ్గురం కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం. ఈ పిల్లలకు మాట చెవిన పడి, బుర్రకు చేరి, కండరానికి ఆజ్ఞ అందడానికి మనకన్నా ఎక్కువ సమయం పడుతుంది. ఆ సమయం మనం ఇవ్వకపోతే వాడు నేర్చుకునేది ఒక్కటే, కాస్త ఆగితే అమ్మ చేసేస్తుందని.

మూడోది పీట. మీ ఇంట్లో భోజనాల పీటో, పూజ పీటో ఉండే ఉంటుంది. దాని ఎత్తు బాబు మోకాలి నుంచి మడమ దాకా ఉన్నంత ఉండాలి. మరీ పొట్టిగా ఉంటే పైన మందపాటి పుస్తకం పెట్టి బట్టతో కట్టేయండి. ఆ పీట మీద కూర్చోబెట్టి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా, మోకాళ్లు దగ్గరగా ఉండేలా చూడండి. మీరు వెనక కూర్చుని తుంటి దగ్గర మాత్రమే పట్టుకోండి, నడుము దగ్గర కాదు. పీట మీద కూర్చుంటే కాళ్లు బారగా చాపడం కుదరదు, వీపు దానంతట అదే నిటారుగా అవుతుంది. కింద పెట్టిన గిన్నెను వంగి తీసుకుని మళ్లీ పైకి రావడం వీపుకు మంచి పని. నేను చెప్పినవాటిలో ఒక్కటే చేయగలరంటే ఈ పీటనే ఎంచుకోండి. మరికొన్ని నెలల్లో ముందుకు వంగి, పాదాల మీద బరువు వేసి, ఆ పీట మీద నుంచే లేచి నిలబడతాడు.

కింద ఆడుకునే వేళ కాళ్లు మరీ ఎడంగా పోకుండా, తొడల దగ్గర రెండు కాళ్ల బట్టనూ మోకాళ్ల పైవరకు కలిపి కుట్టిన పైజామా కూడా థెరపిస్టులు వాడిస్తారు. మీరు పక్కన ఉన్నప్పుడు, కొద్దిసేపు మాత్రమే. మీ బాబు తుంటికి అది తగినదో కాదో థెరపిస్టు చూసి చెప్పాలి.

ఇదంతా రోజుకు ఎంతసేపు అని అడుగుతారేమో. వేరుగా గంట కేటాయించవద్దు. వారానికి 2 సార్లు 45 నిమిషాలంటే 90 నిమిషాలు. వాడు మేలుకుని ఉండేది వారానికి 70 గంటలకు తక్కువ ఉండదు. థెరపీ అనేది ఆ 70 గంటల్లో జరగాలి. డైపరు మార్చినప్పుడల్లా పక్కకు తిరిగి లేవడం, తినేటప్పుడు పీట, మీరు కూరలు తరిగేటప్పుడు తొడ మీద కాసేపు. మీవారిది షిఫ్టు ఉద్యోగం అన్నారు. షిఫ్టు నుంచి వచ్చాక బాబును ఛాతీ మీద బోర్లా వేసుకుని పడుకోమనండి. నాన్న మొహం చూడడానికి మెడ ఎత్తడం కన్నా మంచి వ్యాయామం లేదు. తల్లి ఒక్కతే మోసే థెరపీ ఎక్కువ కాలం నిలవదు, అందుకే ఈ మాట పట్టుబట్టి చెబుతున్నాను. అమెరికాలో మిషిగన్ పరిశోధకులు 2001లో చూపింది కూడా ఇలాంటిదే. కాసేపు సొంతంగా కూర్చోగల పిల్లలను తల్లిదండ్రులే ఇంట్లో పట్టుకుని, చాలా మెల్లగా కదిలే చిన్న ట్రెడ్‌మిల్లు మీద రోజుకు 8 నిమిషాలు, వారానికి 5 రోజులు అడుగులు వేయించారు. ఆ పిల్లలు మిగతావారికన్నా సగటున 101 రోజుల ముందు నడిచారు. ఇది విని మీరు ట్రెడ్‌మిల్లు కొనవద్దు, అది పసిపిల్లల కోసం ప్రత్యేకంగా చేయించినది. రోజుకు 8 నిమిషాలు, అమ్మానాన్నల చేతుల్లో, మానకుండా చేసినందుకు దక్కిన ఫలితం చూడండి.

థెరపీలో 45 నిమిషాలూ ఏడుస్తాడన్నది నాకు నచ్చలేదు. ఏడుస్తున్న పిల్లవాడు ఏమీ నేర్చుకోడు, ఆ గదిని చూస్తే భయపడడం తప్ప. నిద్ర లేచి పాలు తాగిన వేళకు సమయం మార్చమని అడగండి. వాణ్ని మీ ఒళ్లోనే ఉంచి, చేయవలసింది మీకు నేర్పమని అడగండి. అలా అడగడం మీ హక్కు. మంచి థెరపిస్టు సంతోషిస్తారు. విసుక్కుంటే ఇంకొకరిని చూసుకోండి.

నూనె రాసే ఆమెను మాన్పించనక్కరలేదు. తాకిడి మంచిదే, నూనె మంచిదే, పాట పాడుతూ నీళ్లు పోయడం ఇంకా మంచిది. కాళ్లు అడ్డంగా దాటించి లాగడం, చేతులు వెనక్కి విరవడం, తలకిందులుగా పట్టుకోవడం, మెడ పట్టి సాగదీయడం మాత్రం ఈ రోజు నుంచే ఆపించండి. వదులుగా ఉన్న కీలును లాగితే అది ఇంకా వదులవుతుంది. మెడ సంగతి మరీ జాగ్రత్త, ఈ పిల్లల్లో కొందరికి మెడలోని పై రెండు ఎముకల మధ్య పట్టు తక్కువగా ఉంటుంది. ఇదే కారణంగా 6 ఏళ్లు వచ్చేదాకా మాల్స్‌లో ఉండే ట్రాంపోలిన్ల మీద ఎక్కించకూడదు. ఎత్తేటప్పుడు చేతులు పట్టి లాగకుండా, ఒక చేయి పిర్రల కింద, ఒకటి వీపుకు వేసి ఎత్తమని ఇంట్లో అందరికీ చెప్పండి.

మీ అత్తగారి వాకరు మాట. ఆవిడ ఆరాటం నాకు అర్థమవుతుంది, మనవడు నిలబడి ఉంటే చూసుకోవాలని ఉంటుంది. కానీ చక్రాల కుర్చీ లాంటి ఆ వాకరులో పిల్లవాడి బరువు కాళ్ల మధ్య ఉన్న బట్ట మీద పడుతుంది, కాళ్లు ఎడంగా వేలాడుతాయి, మునివేళ్లతో నేలను తంతూ పోతాడు. మనం మాన్పించాలనుకుంటున్న తీరునే అది రోజంతా సాధన చేయిస్తుంది. మెట్ల దగ్గర ప్రమాదం సరేసరి. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. అత్తగారికి వేరే మాట చెప్పండి: మన చిన్నప్పటి చెక్క నడక బండి, ఇక్కడ నడైవండి అంటారు, అది కొందామని. దాన్ని వెనక నిలబడి తోయాలి కాబట్టి బరువు తన కాళ్లే మోయాలి. ఇప్పుడు కాదు. ఏదైనా పట్టుకుని తనంతట తాను నిలబడి, పక్కకు నాలుగు అడుగులు వేయడం మొదలయ్యాక. అప్పుడు కూడా బండి ముందుకు పారిపోకుండా దాని మీద అయిదు కిలోల బియ్యం సంచి కట్టండి. ఆ బండి కొనే పని ఆవిడకే వదిలేయండి.

మరమరాల గురించి. వేళ్లు పొట్టిగా, బొటనవేలు కొంచెం కిందికి ఉండడం వల్ల చిటికెడు పట్టు ఆలస్యమవుతుంది. కానీ వేళ్ల పని భుజం దగ్గర మొదలవుతుంది. అరచేతి మీద బరువు వేయడం నేర్చుకుంటే వేళ్లు వాటంతట అవే తెలివి తెచ్చుకుంటాయి. మరమరాలు, వేరుశనగలు గొంతుకు అడ్డం పడతాయి, వద్దు. పీట మీద కూర్చున్నప్పుడు ముందు ఇడ్లీ ముక్కలు పెట్టండి. మెత్తగా పట్టుకుంటేనే ఇడ్లీ చితకకుండా నోటికి చేరుతుంది.

కొన్ని పరీక్షలు థెరపీకన్నా ముందు చూసుకోవాలి. ఈ పిల్లల్లో థైరాయిడ్ లోపం ఎక్కువ, అది ఉంటే మీరు ఎంత శ్రమపడినా పిల్లవాడు మందకొడిగానే ఉంటాడు. పుట్టినప్పుడు, 6 నెలలకు, ఏడాదికి, ఆపైన ఏటా ఒకసారి చూడాలి. మొదటి పుట్టినరోజు తర్వాత చేయించారా? లేకపోతే ఈ వారమే చేయించండి. రక్తం, కంటి చూపు, చెవులు కూడా. కనబడని బొమ్మ కోసం, వినబడని పిలుపు కోసం ఎవరూ దోగాడరు. జలుబు చేసి వారం మంచం పడితే నేర్చినది కాస్త వెనకబడుతుంది, ఇక్కడి కార్తీక మాసపు వానల్లో అది తప్పదు, తేరుకున్నాక తిరిగి వస్తుంది. కానీ జబ్బు ఏమీ లేకుండా వచ్చిన పని పోయినా, మెడ ఒక పక్కకు వంచి పట్టుకున్నా, కాళ్లు బిగుసుకున్నా, ఒంట్లో బలం తగ్గినట్టు కనిపించినా, నిద్ర లేచాక ఉలికిపాట్ల లాంటి కుదుపులు వరసగా వచ్చినా థెరపిస్టు దగ్గరకు కాదు, అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్లండి.

స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల మీద ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు. డౌన్ సిండ్రోమ్‌కు అవి పనిచేస్తాయనడానికి ఆధారం లేదు. ప్రతి కణంలోనూ ఉన్న అదనపు 21వ క్రోమోజోమును ఏ సూదీ తీసివేయలేదు.

భాష మాటకొస్తే, ఇంట్లో తెలుగు ఆపవద్దు. రెండు భాషలు వినడం వల్ల డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మాట దెబ్బతింటుందనడానికి ఆధారం కనబడలేదు. మీరు ఏ భాషలో కలలు కంటారో ఆ భాషలోనే లాలించండి. థెరపీలో తమిళం వింటాడు, వీధిలో వింటాడు. ‘లే నాన్నా’ అన్నా, ‘ఎళుందిరు’ అన్నా లేచే పిల్లలు నా దగ్గర చాలామంది ఉన్నారు.

మీ ఊళ్లో సాయం ఉంది. త్యాగరాయనగర్‌లోని మధురం నారాయణన్ సెంటర్ 1989 నుంచి ఇలాంటి పిల్లలతో పనిచేస్తోంది. రెండేళ్లలోపు వారి కోసం వారు రూపొందించిన ఉపనయన్ కార్యక్రమంలో తల్లులకే నేర్పుతారు. డౌన్ సిండ్రోమ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా కూడా చెన్నైలోదే. ముట్టుకాడులో బహుళ వైకల్యాలున్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నీప్‌మెడ్ ఉంది, పెరంబూరు నుంచి దూరమే అయినా ఒకసారి పూర్తి పరీక్ష చేయించుకోవడానికి వెళ్లదగినది. ప్రభుత్వ బాలల ఆరోగ్య పథకం కింద నడిచే సత్వర చికిత్సా కేంద్రాలు చూసే సమస్యల జాబితాలో డౌన్ సిండ్రోమ్ ఉంది. వైకల్య ధ్రువపత్రం తీసుకుంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో ఏడాదికి 1 లక్ష వరకు వైద్య ఖర్చులకు రక్షణ ఉంటుంది, థెరపీ ఖర్చులో కొంత కూడా అందులో వస్తుంది. ధ్రువపత్రం తీసుకోవడానికి మనసు ఒప్పుకోని తల్లులను చూశాను. అది వాడి మీద వేసే ముద్ర కాదమ్మా, వాడికి రావలసినది అడిగి తెచ్చుకునే కాగితం.

నాలుగు నెలలు తొడ, పీట, లెక్కపెట్టడం చేసి చూడండి. ఈలోపు అత్తగారిని ఒక మాట అడగండి, దోగాడుతూ దాటినా గడప దాటినట్టే కదా అని. ఆ రోజు మీ ఇంట్లో గారెలు వండాలి, ఆడపడుచు ఇంటికి కూడా పంపాలి. తర్వాత నాకు రాసే ఉత్తరంలో నెలల లెక్క రాయవద్దు. పక్కకు తిరిగి లేచేటప్పుడు వాడు ఏ చేతి మీద బరువు వేస్తున్నాడో, కుడి పక్కకు, ఎడమ పక్కకు రెండింటికీ లేస్తున్నాడో లేదో, మీరు ఎంత లెక్కపెట్టేసరికి లేస్తున్నాడో చూసి రాయండి.